విడిభాగములే కదా యని ఊరకుందుమా?

నాగలాపురము మొదలు కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వఱకు గల ఈ నల్లరేగడి సీమలో, వాన మొగము చాటుచేసిన యేడు మన యిండ్లలో పొయ్యి వెలిగించినది అగ్గిపెట్టెల పనియే. నేడా పనికే ముప్పు వచ్చియున్నది. పది రూపాయల ప్లాస్టికు లైటరొకటి యిరువది అగ్గిపెట్టెల యమ్మకమును మ్రింగుచున్నది.

ఇరువది రూపాయల లోపు విలువ గల లైటర్ల దిగుమతిని కేంద్రప్రభుత్వము 2023 జూనులో నిషేధించెను. అంతటితో ముప్పు తీఱెనా? లైటర్లకు మాఱుగా వాని విడిభాగములు దిగెను. వర్తకులు ఇచటనే కూర్చి యమ్మిరి. 2024 అక్టోబరులో ఆ భాగములను గూడ నిషేధింపవలసి వచ్చెను.

"భాగములు ఎచటివైన నేమి, కూర్పుపని మనకు దక్కును గదా" యనువారు నేటికిని కలరు. వారు అమెరికా మోటారు భాగముల పరిశ్రమను చూతురు గాక! 1999లో జనరల్ మోటార్స్ నుండి వేఱుపడిన డెల్ఫీ సంస్థ చైనాలో కర్మాగారములను పెంచుకొనుచునే, 2005లో స్వదేశమున దివాలా చట్టపు రక్షణ కోరెను. కారణములు పెక్కు గలవు. కాని అచటి కర్మాగారములు పెక్కు మూతపడి, వేలకొలది కార్మికులు వీథిపాలైరి. సంస్థ బ్రదికెను, ఊళ్లు చిక్కెను.

మేము కోరునది రెండే. తూత్తుకుడి రేవులో తనిఖీ సడలరాదు. అంగళ్లు గల మనవారు ఆ సరకును ముట్టరాదు. అగ్గిపెట్టెల పనికి పోవుచున్నది మన యాడపడుచులే. అన్న లాభము చెల్లెలి కూటికి గండి కారాదు.