మన నడుములు ఏ సిలబస్‌లో ఉన్నాయి?

ఫిజియోథెరపీలో పై చదువు ఎం.పి.టి. రెండేళ్ళది. ఎముకలు, నరాలు, గుండె, ఆటలు అని విభాగాలు. పాఠాలు చదివితే చాలదు, ఆసుపత్రిలో రోగి ఒంటిమీద చెయ్యేసి నేర్చుకోవాలి. తాకకుండా అబ్బే విద్య కాదిది. అంటరానితనం చెల్లదని 1950 నుంచీ రాజ్యాంగం 17వ అధికరణం చెబుతూనే ఉంది గదా, మరి ఆ చేతులు మన వాడదాకా ఎందుకు రావు? క్రికెట్ ఆడేవాడి భుజానికి ప్రత్యేక చదువుంది. పొద్దంతా వంగి నాట్లేసే అక్కల నడుముకి, బస్తాలు మోసే అన్నల మెడకి మాత్రం ఒక గోలీ, మహా అయితే సూది!

ఆ ఆసుపత్రి శిక్షణలో కొన్ని నెలలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వాడల్లో పెట్టాలని మేమడుగుతున్నాం. 2021 చట్టంతో ఈ వృత్తులకి జాతీయ కమిషన్ వచ్చింది, అర్జీలు అక్కడికే పంపుదాం. బైపీసీ చదివే మన పిల్లలకి బి.పి.టి. అని ఒక దారుందని సంఘాలవాళ్ళు ఈ వేసవిలోనే చెప్పండి.