ఆరోగ్యము: కత్తి తగిలిన పుట్టకురుపు పాకునా?

“పుట్టకురుపునకు కత్తి తగులరాదు; తగిలిన దేహమంతయు పాకును” అను మాట మన పల్లెలలో నేటికిని వినవచ్చుచున్నది. ఊపిరితిత్తుల క్యాన్సరు విషయమున ఈ భయమే ప్రాణముమీదికి తెచ్చును.

ఈ వ్యాధికి పొగాకు ముఖ్యకారణము. కాని చుట్ట, బీడీ ఎఱుగని యిల్లాండ్రకును కట్టెలపొయ్యి పొగవలన రావచ్చును. కడపజిల్లా పులివెందుల ప్రాంతమున త్రవ్వితీసిన రాతినార ధూళియు నిట్టిదే.

1933లో అమెరికాయందు ఎవార్ట్స్ గ్రాహం అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన యొక రోగి యెడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసివేసెను. ఆ రోగి పిమ్మట సుమారు 30 ఏండ్లు జీవించెను. చిరకాలము పొగత్రాగిన గ్రాహమో, 1957లో ఆ క్యాన్సరుతోనే గతించెను. వ్యాధి ముదురకమున్నే కోసి తీసివేయుట నేటికిని ఉత్తమచికిత్స.

అయినను పెద్దల మాటలో కొంత నిజము లేకపోలేదు. పెద్ద గాయము తగిలినపుడు శరీరము దానిని మాన్పుటయందే నిమగ్నమగును. అందువలన క్యాన్సరు కణములను వెదకి చంపు రక్తకణముల బలము కొన్నిదినములు తగ్గును. అంతకుముందే రక్తముద్వారా వేఱొకచోట చేరి దాగియున్న కణములకు ఆ సమయము అనుకూలింపవచ్చును. ఆ విత్తనములు కత్తికి ముందే చల్లబడినవి. నింద మాత్రము కత్తిపై బడుచున్నది.

ఇది యెఱిగియే వైద్యులు వీలైనచోట చిన్నరంధ్రములగుండ శస్త్రచికిత్స చేయుచున్నారు. నొప్పిని అదుపున నుంచుచున్నారు. 2022 నుండి కొందఱు రోగులకు శస్త్రమునకు ముందే రోగనిరోధకశక్తిని మేల్కొల్పు మందులను కూడ వాడుచున్నారు.

ఇక మన వంతు. శస్త్రమునకు ముందే రోగిచేత పొగాకు మాన్పింపవలెను. “పప్పు తిన్న చీముపట్టును” అని రోగిని చారునీళ్లతో కడుపు మాడ్చరాదు. గాయము మానుటకును, నిరోధకశక్తి కోలుకొనుటకును మాంసకృత్తులు కావలెను. వైద్యుడు వలదననిచో రాగిసంగటితో పప్పు, పాలు, గ్రుడ్లు పెట్టుడు. చెప్పినట్లు దీర్ఘశ్వాసలు తీయింపుడు, మెల్లగా నడిపింపుడు. గాయము మానినదని తరువాతి పరీక్షలు మానరాదు.

మూడువారములు దాటిన దగ్గును, కఫములో నెత్తురును ఉపేక్షింపకుడు. క్షయయని మందులు వాడినను తగ్గనిచో కర్నూలు, కడప పెద్దాసుపత్రులలో మరల పరీక్ష చేయింపుడు. భయపడవలసినది కత్తికి గాదు, ఆలస్యమునకు.