సంకల్పం చెదరని సంఘం

భద్రాద్రి రాముని సేవకు రైలులో బయలుదేరే భక్తులకు డోర్నకల్ జంక్షన్ కొత్త కాదు. కాజీపేట, విజయవాడల నడుమ సాగే ప్రధాన మార్గం నుండి భద్రాచలం రోడ్డు వైపు దారి చీలేది అక్కడే. ఆ ఊరిలో 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఒక క్రైస్తవ మహామందిరం ఉన్నది. దాని గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాల వరుసలు మన ఆలయ మండపాలను గుర్తుకు తెస్తాయి. ఇంగ్లండు నుండి తెచ్చిన నమూనా తన ప్రజలకు పరాయిగా ఉంటుందని భావించి, ఈ నేల శిల్ప సంప్రదాయాన్నే కోరి కట్టించినవారు బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ఊరు ఆనాడు నిజాం రాజ్యంలోనిది.

ఆదివారం నాటి ఆధ్యాత్మిక పుటలో క్రైస్తవ సంఘం ముచ్చట ఎందుకని కొందరు ఆస్తికులకు సందేహం కలగవచ్చు. భగవంతుని పేరిట పదిమంది ఒకచోట కూడినప్పుడు, ఆ కూడిక దేనికోసం మొదలైనదో దానికోసమే నిలుస్తుందా, లేక కాలక్రమాన గోడలు, మడులు, పదవులు, లెక్కల పుస్తకాలకు కాపలాదారుగా మారిపోతుందా? ఈ ప్రశ్న ఏ ఒక్క మతానిదీ కాదు. శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండు దారులను కఠోపనిషత్తు వేరుచేసి చూపినది వ్యక్తిని ఉద్దేశించియే అయినా, సంఘాలకు కూడ ఆ కూడలి ఎదురవుతూనే ఉంటుంది. తెలుగు నేలపైనే ఒక మనిషి ఈ ప్రశ్నతో మూడున్నర దశాబ్దాలు మల్లగుల్లాలు పడ్డాడు. ఆయన మతం మనది కాకపోవచ్చు. ఆయన అనుభవం మాత్రం మనం తెలుసుకోదగినదే.

అజరయ్య తెలుగువాడు కాదు. 1874లో తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళైలో, ఒక గ్రామ పాదిరి ఇంట జన్మించిన తమిళుడు. దొరల సొమ్ముతో, దొరల ఆజ్ఞతో నడిచే మిషనులకు భిన్నంగా భారతీయుల ధనంతో, భారతీయుల చేతులతోనే సేవ జరగాలని 1903లో తిరునల్వేలిలోను, 1905లో శ్రీరాంపూరులోను రెండు సంస్థల స్థాపనకు పూనుకున్నవారిలో ఆయన ముఖ్యుడు. ఇతరులకు చెప్పి ఊరకుండక, 1909లో తానే భాష తెలియని డోర్నకల్‌కు తరలివచ్చి తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి సంవత్సరం ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, దొరలు ఈ దేశస్థుల కోసం ఎంత ధనం వెచ్చించినా, ఎంత త్యాగం చేసినా, సమానులుగా చేయి కలిపే స్నేహాన్ని మాత్రం ఇవ్వలేకపోయారని నిండు సభలో వారి ముఖంమీదనే చెప్పాడు. సభలో కొందరు నొచ్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు పట్టాభిషేకం జరిగినది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. పల్లెజనం ఆయనను ‘తండ్రిగారు’ అని పిలుచుకునేవారు.

ఆయన వద్దకు వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. అక్షరం ఎరుగనివారు, వెట్టిలో నలిగినవారు, అప్పులలో మునిగినవారు. ఇట్టి జనం వేలుగా వచ్చి చేరినప్పుడు ఏ మతపెద్దకైనా తోచే ఆలోచన ఏమిటి? ముందు వీరికి చదువు, తిండి, ఆసరా చూపుదాము. దైవకార్యం మోసే శక్తి వచ్చిన తరువాత ఆ బాధ్యత అప్పగిద్దాము అని. అజరయ్య దీనిని తలక్రిందులు చేశాడు. బాప్తిస్మం పొందిన మనిషిని ఆ క్షణాననే తన చేతిని తన తలపై ఉంచుకొమ్మనేవాడు. తాను విన్న శుభవార్తను ఇతరులకు చెప్పకపోతే ఆ దోషం తనకే చుట్టుకుంటుందని, పౌలు అపొస్తలుడు కొరింథు సంఘానికి వ్రాసిన లేఖలోని భావాన్ని వారి నోటనే పలికించేవాడు. తలమీద చేయి వేసి ఒట్టుపెట్టుకోవడం మన పల్లెలలో ఎంత గట్టి మాటయో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఒక్క చేష్టతో నిన్నటి దాకా ఇతరుల దయకు చేయి చాచిన మనిషి, ఇతరులకు ఇవ్వవలసినది ఏదో తన దగ్గర ఉన్నదని తెలుసుకున్నాడు. వటువుకు ఉపనయనం నాడే నిత్యకర్మ భారం పెట్టిన మన పెద్దల ఆలోచన కూడ ఇటువంటిదే. యోగ్యత వచ్చిన పిదప బాధ్యత ఇత్తుమనుకుంటే యోగ్యత ఎన్నటికీ రాదు.

ఇక రెండవది పిడికెడు బియ్యం. ఎసరు పెట్టేముందు ఇల్లాలు ఒక పిడికిలి బియ్యం తీసి వేరొక కుండలో దేవుని పేర వేయడం తెలుగు క్రైస్తవ పల్లెలలో పాదుకొన్న ఆచారం. మిజో కొండలలోని క్రైస్తవ స్త్రీలు కూడ దీనిని శ్రద్ధగా పాటిస్తారు. కంచి పరమాచార్యులవారు ఇదే పిడికెడు బియ్యపు నియమాన్ని ఇంటింటా నెలకొల్పడానికి ఎంత తపించారో మన పాఠకులకు తెలిసినదే. అజరయ్య దానధర్మాన్ని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. కూలివాని పిడికెడు గింజలతో సంఘానికి ఎంత ఒనగూడుతుందన్నది ఆయన లెక్క కాదు. పేదవాడు కనుక ఇవ్వనక్కరలేదని చెప్పడం వానికి చేసే దయ కాదని, అది వానిని మరొకసారి చిన్నచూపు చూడడమేనని ఆయన నమ్మకం. విదేశీ నిధులమీద బ్రతికే సంఘం తన గమ్యాన్ని కూడ విదేశంనుండే అరువు తెచ్చుకుంటుందని ఆయనకు మొదటినుండీ తెలుసు.

ఈ రెండు నియమాల మీద ఆయన మరికొన్ని నిలిపాడు. ఏటా ఒక వారం పాటు సంఘంలోని సామాన్యులే, ఆడవారు సహా, చుట్టుపట్ల ఊళ్ళకు వెళ్ళి తమ జీవితంలో కలిగిన మార్పును సాక్ష్యంగా చెప్పేవారు. పండితుని తర్కం అక్కడ ఉండదు. ఫలానావాడు తాగుడు మానినాడు, భార్యను కొట్టడం మానినాడు, అప్పు తీర్చినాడు, ఇల్లు అలికి ముగ్గు పెట్టుకున్నాడు. ఇవి ఊరందరి కంటికి కనిపించే సంగతులు. ఇవి లేనినాడు ఎంత చెప్పినా వినేవాడుండడు. కీర్తనలకు, భజనలకు, జాతరలకు ఆయన పెద్దపీట వేశాడు. పురుషోత్తమ చౌదరి వంటివారు పందొమ్మిదవ శతాబ్దిలోనే రాగతాళాలతో తెలుగు క్రైస్తవ కీర్తనలు రచించి ఉండడం అందుకు కలిసివచ్చినది. మాల, మాదిగ భేదాలను మరచి ఒకే పాత్రనుండి ప్రభుభోజనం స్వీకరించాలని పట్టుబట్టాడు. అందులో ఆయన పూర్తిగా గెలిచాడని చెప్పడానికి లేదు. ఆ తగవు సంఘంలో మిగిలే ఉన్నది. అయినప్పటికీ ఆయన కాలంలో ఆ మండలపు క్రైస్తవుల సంఖ్య లక్షకు మించినది. పికెట్ అనే అమెరికన్ మిషనరీ గుంటూరు, కంభం, వికారాబాదు ప్రాంతాలను కూడ పరిశీలించి 1933లో ప్రకటించిన గ్రంథంలో, జనం ఏ ఉద్దేశంతో సంఘంలో చేరారన్న దానికన్న, చేరిన తరువాత వారికి లభించిన బోధయే వారి నడతను నిర్ణయించినదని తేల్చాడు.

నా దృష్టిలో అజరయ్యకు ఎదురైన అసలు పరీక్ష పల్లెలో కాదు, రాజకీయంలో వచ్చినది. 1932లో బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినది. అల్పసంఖ్యాకులకు అది చేతికందిన పండు. తన జనానికి శాసనసభలో స్థానాలు వస్తుంటే ఏ నాయకుడు వద్దంటాడు? అజరయ్య వద్దన్నాడు. సంఘం ఓట్లు లెక్కించుకునే వర్గంగా మారిననాడు, కొత్తగా వచ్చే ప్రతి మనిషీ ఒక ఆత్మగా కాక ఒక ఓటుగా కనబడతాడనీ, పొరుగువానికి దాని మాట మీద నమ్మకం పోతుందనీ ఆయన వాదం. శాశ్వతమైన దానిని ప్రకటించవలసిన సంఘం తాత్కాలికమైన లాభానికి కంచె కట్టుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆయన మాట చెల్లలేదు. 1935 నాటి చట్టంలో ఆ నియోజకవర్గాలు వచ్చే వచ్చాయి. సంఘాల ఎన్నికలు, భూముల తగాదాలు ఈనాడు న్యాయస్థానాల మెట్లెక్కుతున్న వార్తలు చదివినప్పుడు ఆయన భయం గుర్తుకు వస్తుంది. దేవాలయ మాన్యాల వ్యాజ్యాలు చూస్తున్న మనకు ఒకరిని వేలెత్తి చూపే వీలు లేదనుకోండి.

మతాంతరీకరణను గురించి నాలుగు మాటలు సూటిగా చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీ తప్పినట్లే. ఎవరి స్వధర్మం వారికి తరణోపాయమని నమ్మే సంప్రదాయం నాది. పొరుగువాని ఇష్టదైవాన్ని మార్చడమే పరమ కర్తవ్యమన్న భావనను నేను అంగీకరించలేను. గాంధీ మహాత్ముడు 1930లలో అజరయ్యతో విభేదించినది ఇక్కడనే. హరిజనుల సామూహిక మతమార్పిడిలో ఆధ్యాత్మిక జిజ్ఞాస కన్న ఇతర కారణాలే ఎక్కువని మహాత్ముని అభిప్రాయం. పేదవానికి కూడ దైవం కోసం ఆకలి ఉంటుందని, చదువులేనివాని హృదయంలో భక్తి పుట్టదనుకోవడం పొరపాటని అజరయ్య సమాధానం. మతమార్పిడి విషయంలో నేను మహాత్ముని పక్షాననే నిలుస్తాను. కానీ అజరయ్య సమాధానంలోని రెండవ సగాన్ని కొట్టిపారవేయడానికి నా శాస్త్రం ఒప్పుకోదు. తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేసినది 1936 నవంబరులో. అప్పటికి డోర్నకల్ పల్లెలలో తలపై చేయి ఉంచుకొని ప్రతిజ్ఞ చేయడం మొదలై చాలా ఏండ్లయినది. గర్భగుడి దీపం దూరంనుండి కూడ చూడనివ్వని వానికి, నీవే ఇతరులకు దీపం పట్టుకొని వెళ్ళమని మరొకరు చెప్పినప్పుడు వాడు ఎటు నడుస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఆయన చివరివరకు కోరినది మరొకటి ఉన్నది. పశ్చిమ దేశాల చరిత్రలో ఎన్నడో పుట్టిన తగవులు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్ అనే పేర్లతో తెలుగు పల్లెలకు ఎందుకు దిగుమతి కావాలి? ఏ మిషను ముందుగా ఆ తాలూకాకు వచ్చినదో ఆ పేరే పల్లెవాని నుదుట వ్రాసుకున్నట్లయినది. చీలికలతో ఉన్న సంఘం ఐక్యతను బోధిస్తే వినేదెవరని ఆయన ఆవేదన. 1919లో తరంగంబాడిలో కూడిన సంఘ నాయకుల సమావేశంనుండి ఆయన ఈ పనిని వదలలేదు. సొంత సంఘంలోనే ఎందరో అడ్డు చెప్పారు. చర్చలు పాతికేళ్ళు దాటి సాగాయి. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లో కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘం మదరాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలు.