పిల్లలున్నారు, పెద్దలకే తీరిక లేదు

ముప్పై ఇద్దరు పిల్లలు, నాలుగు ప్యాట్రోళ్లు (చిన్న జట్లు), వాళ్ల ముందు ఒక స్కౌట్ మాస్టరు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ లెక్కలో నిండు ట్రూప్ అంటే ఇదే. మాస్టరు పక్కన సహాయకుడు ఒకరు ఉండాలి. చాలా బడుల్లో ఆ సహాయకుడు రిజిస్టరులో సంతకానికే ఉంటాడు. మాస్టరుకు బదిలీ అయినా, జబ్బు చేసినా, ఎన్నికల డ్యూటీ పడినా ఆ వారం ట్రూప్ లేదు. రెండు నెలలు అలాగే గడిస్తే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉండరు. పిల్లల స్కార్ఫులు ట్రంకుపెట్టెల్లోకి వెళ్లిపోతాయి.

ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకుని దుర్గ్ జిల్లాలో ఉన్న జాముల్‌లాంటి పారిశ్రామిక పట్టణాల్లో ఈ కష్టం మరీ ఎక్కువ. ఏసీసీ సిమెంటు కర్మాగారం 1965లో ఇక్కడ మొదలైంది. దాని చుట్టుపక్కల చిన్నా పెద్దా ఫ్యాక్టరీలతో పారిశ్రామికవాడ పెరిగింది. 1931లో రాయపూర్-విజయనగరం రైలు మార్గం పూర్తయ్యాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఈ వైపు పనికి రావడం సులువైంది. ఉక్కు కర్మాగారం వచ్చాక ఆ వలస ఇంకా పెరిగింది. తాతలు తట్ట మోసిన చోట మనవలు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ మాట్లాడుతూ పెరుగుతున్నారు. ఆదివారం పొద్దున వాళ్లకు సెల్‌ఫోన్ తప్ప వేరే వ్యాపకం దొరకడం లేదు. ఒక ట్రూప్ నిలబడటానికి ఇంతకన్నా అవసరమైన చోటు ఉండదు. దాన్ని నిలబెట్టే పెద్దలు మాత్రం దొరకడం లేదు.

స్కౌటింగ్ ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఈ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పొవెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో తొలి శిబిరం నడిపాడు. నాలుగేళ్లకే, 1911లో, జబల్‌పూర్‌లో ఆడపిల్లల విభాగమైన గైడ్ల తొలి దళం ఏర్పడింది. అప్పట్లో స్కౌటు దళాల్లో భారతీయ పిల్లలకు చోటు లేదు. 1913లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భారతీయ బాలుర కోసం స్కౌటింగ్ మొదలుపెట్టినవాడు వివియన్ బోస్. అప్పుడప్పుడే వకీలు వృత్తిలో అడుగుపెట్టిన ఆ కుర్రవాడే తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. దుర్గ్ జిల్లా ఆనాడు ఆ ప్రావిన్సులోదే. మద్రాసులో అనీ బిసెంట్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ వేరువేరుగా సంఘాలు పెట్టారు. అవన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఆ సంస్థ తొలి జాతీయ జాంబోరీ 1953లో మన హైదరాబాదులోనే జరిగింది.

ఈ చరిత్రలో కనిపించే పెద్దలు ఎవరో గమనించాలి. వకీళ్లు, ఉపాధ్యాయులు, సంఘ సేవకులు. పూట గడవడానికి వెతుక్కోవలసిన అవసరం లేనివాళ్లు, సాయంత్రాలు తమ చేతిలో ఉన్నవాళ్లు. స్వచ్ఛంద సేవ మీద ఈ ఉద్యమం కట్టిన ఇల్లంతా ఆ సాయంత్రాల మీదే నిలిచింది. నియమావళిలో ఎక్కడా రాయని ఈ పెట్టుబడి ఇప్పుడు తరిగిపోతోంది.

భిలాయి తొలి తరానికి ఆ పెట్టుబడి ఉండేది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ తరవాత రెండు మూడు దశాబ్దాలు ఇక్కడ ఉద్యోగమంటే పర్మనెంటు ఉద్యోగం. వారానికో సెలవు ఖాయం, సెక్టార్లలో క్వార్టరు, పక్కనే మైదానం, కంపెనీ బడి. 1980లలో 50 వేలకు పైగా ఉన్న పర్మనెంటు కార్మికుల్లో ఈనాడు మూడో వంతు కూడా లేరు. వాళ్లు చేసిన పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు కార్మికుల మీద పడింది. ఈ నగరాన్ని ఏళ్ల తరబడి చూసిన మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ 2020లో వెలువరించిన ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ పుస్తకమంతా ఈ రెండు రకాల కార్మికుల మధ్య పెరిగిన అగాధం గురించే. జీతం, ఇల్లు, పెళ్లి సంబంధాలు, పిల్లల చదువు అన్నిటా ఆ తేడా ఉంది. తీరికలోనూ ఉంది. రోజు కూలి మీద ఫ్యాక్టరీకి వెళ్లే తండ్రి ఆదివారం ట్రూప్‌కి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. శిబిరానికి తోడు రమ్మంటే మూడు రోజుల కూలి వదులుకోమని అడిగినట్టు. ఆయనకు ఆసక్తి లేదని నిందించడం అన్యాయం.

కాబట్టి భారమంతా బడి పంతులు మీద పడుతుంది. విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా ఉపాధ్యాయుల్ని బోధనేతర పనులకు పంపరాదని చెబుతుంది. ఆ మినహాయింపులే ఏడాదిలో పెద్ద భాగం తినేస్తున్నాయి. 2025 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు ఉపాధ్యాయులు బూత్ స్థాయి అధికారులుగా ఇల్లిల్లూ తిరిగారు.  అదే ఏడాది వేసవిలో రాష్ట్ర ప్రభుత్వం బడుల విలీనం, ఉపాధ్యాయుల సర్దుబాటు చేపట్టింది. దాని మంచిచెడ్డల చర్చ వేరే. స్కౌట్ మాస్టరుగా శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కదిలితే ఆయన వెనక ట్రూప్ ఏమవుతుందన్న ప్రశ్న బదిలీ కాగితాల్లో ఏ గడిలోనూ ఉండదు.

ఆ శిక్షణ ఒక్క రోజులో వచ్చేది కాదు. బేసిక్ కోర్సు, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్, ఆపైన హిమాలయన్ వుడ్ బ్యాడ్జి. ఒక్కో కోర్సుకూ రోజుల తరబడి ఇల్లు విడిచి శిబిరంలో ఉండాలి. కోర్సుకీ కోర్సుకీ మధ్య ట్రూప్ నడిపి చూపించాలి. పిల్లలు ప్రవేశ్ నుంచి మూడు సోపానాలెక్కి, రాజ్య పురస్కార్ దాటి, రాష్ట్రపతి అవార్డు దాకా చేరాలంటే కొన్నేళ్ల దారి. లాగ్ బుక్కులు దిద్దడం, బ్యాడ్జి పరీక్షలకు పరీక్షకుల్ని వెతకడం, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, టెంట్లు, తాళ్లు, బస్సు కిరాయి అన్నీ మాస్టరే చూసుకోవాలి. లోటు పడితే ఆయన జేబులోంచే వెళ్తుంది. ఎన్‌సీసీ నడిపే ఉపాధ్యాయుడికి హోదా ఉంది, గౌరవ వేతనం ఉంది. స్కౌట్ మాస్టరుకు అలాంటిదేమీ లేదు. సేవకు జీతమెందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: జీతం అక్కర్లేదు, కనీసం ఖర్చులు తిరిగి రావాలి.

ఇదే పట్టణ సమూహంలో చరోదా దగ్గర భిలాయి మార్షలింగ్ యార్డు ఉంది. రైల్వేలకు స్కౌటింగ్‌లో రాష్ట్రాలతో సమానంగా సొంత సంఘాలున్నాయి. శిబిరాలకు వెళ్లే ఉద్యోగికి ప్రత్యేక క్యాజువల్ లీవు ఇచ్చే పద్ధతి ఉంది. రాష్ట్రపతి అవార్డు పొందినవాళ్లకూ, హిమాలయన్ వుడ్ బ్యాడ్జి ఉన్నవాళ్లకూ నియామకాల్లో స్కౌట్ కోటా ఉంది. చరోదాలో రైల్వే ఉద్యోగి నాయకుడిగా నిలబడగలగడానికి కారణం సంస్థ ఆయనకు సమయం ఇవ్వడమే. జాముల్‌లో సిమెంటు, ఇనుము పని చేసే మనిషికి ఆ సమయం ఎవరూ ఇవ్వరు. రైల్వే పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. కోటా కోసమే వచ్చే యువకుడు సర్టిఫికెట్టు చేతికి రాగానే ట్రూప్ గడప తొక్కడు. రోవర్లుగా (యువ స్కౌట్లుగా) ఉండి తమ్ముళ్లకు నేర్పాల్సిన వయసులోనే వాళ్లు దూరమైపోతున్నారు. అయినా సమయం ఇచ్చే ఆ ఏర్పాటు సరైనదే. దాన్ని తప్పుపట్టడానికి ఈ చిక్కు చాలదు.

నాయకులకు రుతువులు కూడా కలిసిరావు. మే నెలలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, టెంటు కింద పిల్లల్ని ఉంచలేం. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా వానలు. దీపావళి తర్వాత వరి కోతలు, నవంబరు సగం నుంచి ధాన్యం కొనుగోళ్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలు పొలాల్లో ఉంటారు. ఫిబ్రవరి వచ్చేసరికి బోర్డు పరీక్షల బెదురు. మిగిలేది డిసెంబరు, జనవరి. జిల్లా ర్యాలీలు, రాష్ట్ర శిబిరాలు, బడి వార్షికోత్సవం అన్నీ వాటిలోనే ఇరుక్కుంటాయి.

అన్నిటికన్నా బరువైన విషయం పిల్లల భద్రత. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా రక్షణ కోరింది. లైంగిక వేధింపులకు గురయ్యామంటూ 82 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 246 కోట్ల డాలర్ల పరిహార ఒప్పందం కుదిరింది. ఒక్క పెద్దమనిషిని పిల్లలతో ఒంటరిగా వదలకూడదన్న నియమాన్ని ఇప్పుడు ప్రపంచమంతా ఎందుకు గట్టిగా పట్టుకుందో ఆ అంకెలే చెబుతాయి. బ్రిటన్‌లో బయటి కార్యక్రమాలకు ప్రతి పన్నెండు మంది స్కౌట్లకు ఒక పెద్ద చొప్పున ఉండాలి, వాళ్లపైన బాధ్యుడు వేరే. ఆ లెక్కన మన 32 మంది ట్రూప్‌కి నలుగురు కావాలి. మన దగ్గర 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. ఒంటరిగా శిబిరం నడిపే మాస్టరు పిల్లలకు ఎలాంటి రక్షణా ఇవ్వలేడు, తప్పుడు ఆరోపణ నుంచి తనకూ రక్షణ ఉండదు. ఆడపిల్లల గైడ్ దళాల్లో ఇది ఇంకా కఠినం. వాళ్లకు గైడ్ కెప్టెన్‌గా మహిళే ఉండాలి. ఆ ఉపాధ్యాయిని రెండు రాత్రులు ఇల్లు విడిచి వెళ్లాలంటే అత్తవారింటి అనుమతి నుంచి శిబిరంలో మరుగుదొడ్డి దాకా ఎన్నో కుదరాలి. అవి కుదరక ఆగిపోయిన శిబిరాలకు కారణంగా ‘బాలికల ఆసక్తి లేమి’ అని రాసుకోవడం మానుకోవాలి.

ఈ కొరత మనకొక్కరికే కాదు. బ్రిటన్‌లో లక్ష మందికి పైగా పిల్లలు చోటు కోసం ఎదురుచూస్తున్నారని అక్కడి సంఘమే చెప్పింది. వాళ్లను చేర్చుకోలేకపోవడానికి కారణం పెద్దలు చాలకపోవడమే. డబ్బున్న దేశంలోనూ అంతే.

కాబట్టి నాయకుడి ఉత్సాహం మీద ఆశ పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు. చేయగలిగినవి చేయాలి. స్కౌటింగ్ గంటను బడి టైంటేబుల్లో పనిగంటగా లెక్కించాలి. రెండో పెద్ద లేకుండా శిబిరానికి అనుమతి ఇవ్వకూడదు, ఆ రెండో మనిషికి శిక్షణ ఖర్చు జిల్లా సంఘం భరించాలి. మాస్టరును బదిలీ చేసేముందు ఆయన స్థానంలో మరొకరిని చూపించాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. జాముల్ చుట్టూ ఉన్న పరిశ్రమలు ఆ డబ్బుతో టెంట్లు కొనిస్తే మంచిదే. అంతకన్నా మంచిది, ట్రూప్ నడిపే తమ కార్మికుడికి, అతను కాంట్రాక్టు మనిషైనా సరే, ఏడాదికి కొన్ని రోజులు కూలితో కూడిన సెలవు ఇవ్వడం.

చివరగా భిలాయిలో ఉక్కు ఉద్యోగాలు చేసి రిటైరైన తెలుగు పెద్దలకు ఒక విన్నపం. మీలో కలాసీలున్నారు, ఫిట్టర్లున్నారు, ప్రథమ చికిత్స నేర్చిన సేఫ్టీ సిబ్బంది ఉన్నారు. ముడులు వేయడం, కప్పీతో బరువులెత్తడం, కాలిన చేతికి కట్టుకట్టడం మీరు పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు. పెన్షను మీద బతుకుతున్న మీ ఆదివారాలు మీ చేతిలోనే ఉన్నాయి. మీ వాడలోని బడికి వెళ్లి స్కౌట్ మాస్టరు ఎవరో కనుక్కోండి. గ్రూప్ కమిటీలో చేరతానని, వచ్చే శిబిరానికి తోడు వస్తానని ఆయనకు చెప్పండి.