కంచుకు వెండిపూతా?

పెనుగొండలో మా బంధువులు మొన్న మా ముత్తాత పటం కట్టించారు. కింద ‘వీరసైనికుడు’ అని రాయించి, ఇంట్లో మిగిలిన ఆయన యుద్ధపతకానికి వెండిపూత పూయించి తగిలించారు. నా తగాదా ఆ పూతతోనే.

ఆ పతకం కంచుది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిషు ప్రభుత్వం ఒకే అచ్చుతో రెండురకాల పతకాలు పోసింది. సైనికుడికి వెండిది, కూలీదళాల వాడికి కంచుది. మా ముత్తాత మద్రాసు-సదరన్ మరాఠా రైలుకట్ట మీద గ్యాంగుకూలీ. మెసపొటేమియా ఓడ ఎక్కించింది ఆయన పలుగునే గాని పరాక్రమాన్ని కాదు. బస్రా నుంచి నాసిరియాకు 1916లో వేసిన మీటరుగేజి దారికి పట్టాలూ ఇంజన్లూ ఇండియా నుంచే పోయాయి. పరిచే చేతులూ ఇక్కణ్ణించే పోయాయి. పట్టాలకు లెక్కుంది. చేతులకో?

చచ్చినవాళ్ల గతి చూడండి. 1929లో బస్రాలో నిలిపిన స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు. 33 వేలకు పైగా భారతీయ సిపాయిలను ఉత్త అంకెగా వేశారు. కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ ఇటువంటి వివక్షకు క్షమాపణ చెప్పేసరికి 2021 వచ్చింది! సిపాయికే ఇదైతే కూలీ మాటేమిటి?

“కూలీ అంటే నలుగురిలో నామోషీ కదురా,” అంటాడు మా పెదనాన్న. ఎవరికండీ నామోషీ? మోసినవాడికా, మోయించినవాడికా? సామ్రాజ్యవాది పతకం అంచున సన్నని అక్షరాల్లో ఆయన పేరైనా కొట్టించాడు. ఆ పేరును పూతకింద పూడ్చింది మనం!

పతకం పట్టుకుని కంసాలి దగ్గరికి వెళ్లాను. పూత తీస్తే అక్షరాలూ కొంత అరుగుతాయన్నాడు. అరిగినా సరే, తియ్యమన్నాను.