మేఘమును గూర్చి యొక తల్లి యడిగిన ప్రశ్న

మదనపల్లె మొదలుకొని పుంగనూరు, కుప్పముల వఱకు గల మన మెట్టభూములలో మేఘమనగానే జనులు తలయెత్తి ఆకాశమువైపు చూతురు. వేరుసెనగ వేసినవానికిని, టమోటా నాటినవానికిని దానిమీదనే యాశ. ఇప్పుడు మన పూర్వవిద్యార్థులు కళాశాలలనుండి మఱియొక మేఘమును ఇంటికి దెచ్చుచున్నారు. దానికి క్లౌడ్ కంప్యూటింగ్ అని పేరు. ఈ విద్యను నేర్చుకొనవలసిన విధమును గూర్చి మా యభిప్రాయమును పాఠకులకు విన్నవింపదలచితిమి.

గడచిన క్రిస్మసు సెలవులలో, మా పాఠశాలలో చదివి యిప్పుడు కుప్పములో ఇంజనీరింగు చదువుచున్న పుంగనూరు బాలిక యొకతె మమ్ము జూడవచ్చెను. ఆమె తండ్రి మదనపల్లె టమోటా మండీలో లారీలకు సరకెత్తు కూలి. ఆమె తన ఫోను తెఱచి, క్లౌడ్ కంప్యూటింగ్ ప్రారంభపాఠములను ముగించినందులకు వచ్చిన సర్టిఫికెట్టును సంతోషముతో జూపెను. ఆ పాఠములు చెప్పిన ప్రైవేటు సంస్థకు ఆమె తండ్రి వడ్డీకి దెచ్చిన పైకమును రుసుముగా చెల్లించియుండెను. మేమును సంతసించి, "అమ్మాయీ, ఈ మేఘము ఎక్కడ నుండును?" అని యడిగితిమి. ఆమె మొదట నవ్వెను. పిమ్మట తల వంచుకొనెను.

"అయ్యవారూ, నిజము చెప్పుచున్నాను. వీడియోలను వేగము పెంచి చూచితిని. ప్రశ్నలకు జవాబులు స్నేహితుల ఫోనులలో తిరుగుచుండెను. అభ్యాసము చేయబోగా బ్యాంకు కార్డు నంబరు అడిగిరి. ఎంత బిల్లు వచ్చునోయని నాయన భయపడెను. నేను ఒక్క యంత్రమునైనను నడుపలేదు" అనెను.

మేమామెను నిందింపలేదు. ఈ విద్య అర్థము కానంతటి కఠినమైనదియు కాదు. టెలిఫోనువలె కంప్యూటింగు కూడ ఒకనాటికి ప్రజోపయోగసేవ కాగలదని జాన్ మెకార్తీ యను శాస్త్రజ్ఞుడు 1961లోనే అమెరికాలోని ఎం.ఐ.టి.లో చెప్పెను. 2006లో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకిచ్చుట ప్రారంభించెను. 2011లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థ దీనికి నిర్వచనము ప్రకటించెను. కోరినప్పుడు ఎవరిని అడుగకయే తీసికొనుట, నెట్‌వర్కుద్వారా అందుకొనుట, ఒకే వనరులను పలువురు పంచుకొనుట, అవసరమునుబట్టి పెంచుకొని తగ్గించుకొనుట, వాడినంతకు కొలత యుండుట అను నైదును దాని లక్షణములు. పంట దండిగా వచ్చినప్పుడు రైతు లారీలను ఎక్కువగా బాడుగకు మాట్లాడుకొనును. పంట తగ్గినప్పుడు మానివేయును. ఇదియు నట్టిదే. ఈ మేఘము ఆకాశమున లేదు. నేలమీద, పెద్ద భవనములలో, విద్యుత్తుతో నడచుచు, వేడెక్కుచు, చల్లార్పబడుచున్న కంప్యూటర్లలో నున్నది. అట్టి కేంద్రములను అమెజాన్ వారు ముంబయి ప్రాంతమున 2016లోను, హైదరాబాదు ప్రాంతమున 2022లోను తెఱచిరి.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని మాకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్పిరి. దానిననుసరించి, మా పాఠశాలలోని 8 జీబీల మెమరీ గల పాత కంప్యూటరు నొకదానిని ఆ సెలవులలో ఆమెకు అప్పగించితిమి. అందులో వర్చువల్‌బాక్స్ అను ఉచిత సాఫ్టువేరును ఎక్కించితిమి. దానికి బ్యాంకు కార్డుతో పనిలేదు. సత్రమును గదులుగా విభజించినట్లు, అది యొక్క కంప్యూటరులోనే పెక్కు కంప్యూటర్లను కల్పించును. మొదటిదినమున ఆమె రెండు యంత్రములను కల్పించి, ఒక్కొక్కదానికి 4 జీబీల చొప్పున మెమరీ యంతయు పంచియిచ్చెను. కొంతసేపటికి అంతయు స్తంభించెను. గదులన్నియు బాటసారులకిచ్చి, సత్రము నడపువానికే చోటు లేకుండ చేసినట్లయ్యెను. మఱునాడు 2 జీబీల చొప్పున నిచ్చెను. రెండును చక్కగా నడచెను. సర్టిఫికెట్టు నేర్పనిదానిని ఈ పొరపాటు నేర్పెను. పిమ్మట ఖరగపూరు ఐ.ఐ.టి. వారు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా అందించు పాఠములను ఆమె నెమ్మదిగా, నోటుపుస్తకము ముందుంచుకొని వినసాగెను. ఆ పాఠములు వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి సర్టిఫికెట్టు పొందగోరువారే చెల్లింపవలెను.

సెలవులు ముగియుటకు ముందు మేమామెకు ఒక పరీక్ష పెట్టితిమి. పుంగనూరికి పోయి, తాను నేర్చినదానిని తల్లికి తెలుగులో చెప్పవలెను. ఆమె యిట్లు చెప్పెనట: "అమ్మా, ఇందులో సేవలు మూడు విధములు. ఖాళీ యిల్లు బాడుగకు దీసికొని సామానంతయు మనమే తెచ్చుకొనుట యొకటి. పొయ్యియు పాత్రలును సిద్ధముగానున్న యింట మనము వండుకొనుట రెండవది. హోటలులో భోజనము చేయుట మూడవది. మనము వాడు జీమెయిలు అట్టిదే." అయిదవ తరగతితో చదువు మానిన ఆ తల్లి శ్రద్ధగా విని, "ఇంటికి తాళము వేసి ఊరికి పోయినయెడల బాడుగ ఆగునా?" అని యడిగెను.

బాలిక జవాబు చెప్పలేకపోయెను. రెండుదినములు చదివి తెలిసికొనెను. అమెజాన్ వారివద్ద గంటల లెక్కన దీసికొన్న యంత్రమును ఆపినయెడల దాని బాడుగ ఆగును. కాని దానికి జతచేసిన డిస్కును ఉంచుకొన్నంతకాలము ఆ డిస్కునకు బాడుగ నడచుచునే యుండును. దానినిగూడ తొలగించిననే ఆ ఖర్చు తీరును. ఆమె వ్రాసిన పరీక్షలో ఈ ప్రశ్నయే లేదట. తండ్రి భయపడినదియు దీనికే గదా! ఆయనది అజ్ఞానము కాదు; ఎవరును జవాబు చెప్పని మంచి ప్రశ్న.

ఉద్యోగమిచ్చువారు సర్టిఫికెట్టు అడుగుదురు గనుక పేదబిడ్డలకు అది కావలెనని కొందఱనవచ్చును. కాదనము. కాని యెదుట కూర్చుండి ప్రశ్నించువానికి సర్టిఫికెట్టు జవాబు చెప్పదు. అప్పు మాత్రము ఇంటనే మిగులును.

కావున తలిదండ్రులారా, రుసుము చెల్లించుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. నా బిడ్డ తన చేతితో యంత్రమును నడుపునా? బిల్లు వచ్చిన ఎవరు కట్టుదురు? ఇదే పాఠము ఉచితముగా లభించునా? పాఠము ముగిసిన పిమ్మట "ఎన్ని మార్కులు?" అని యడుగక, "నాకు తెలుగులో చెప్పుము" అనుడు. మీకు చదువు లేదని వెనుదీయవలదు. విద్యార్థులారా, అద్దెయంత్రమును తాకినదినముననే ఖర్చు హెచ్చరికను ఏర్పాటు చేసికొనుడు. పని ముగియగానే యంత్రమును, డిస్కును తొలగించి లెక్క చూచుకొనుడు. ఇక మన వంతు. రాబోవు వేసవి సెలవులలో మన కంప్యూటరు గదిని వారమునకు రెండు సాయంత్రములు పూర్వవిద్యార్థులకు తెఱచియుంచుటకు సహోపాధ్యాయులు అంగీకరింతురని ఆశించుచున్నాము. అందులకు మేము మొదట పేరిచ్చుచున్నాము.

ఆ బాలిక కుప్పమునకు తిరిగి పోవుచు మమ్ము జూచి పోయెను. ఈమాఱు ఫోను తీయలేదు, నోటుపుస్తకము జూపెను. దాని మొదటి పుటలో తల్లి యడిగిన ప్రశ్నయు, దాని క్రింద జవాబును వ్రాసియుండెను.