బెల్టు తెగేదాకా ఆగొద్దు

అదునెరిగి సేద్యం చేయమన్నారు పెద్దలు. మన చంద్రశేఖరపురం వైపు ఆ అదును మూడు, నాలుగు రోజులకు మించి నిలవదు. వెలిగొండ మీదుగా వచ్చిన మబ్బు ఒక్క వాన కురిసి పోతుంది. ఎర్ర నేలల్లో పదును ఆరకముందే దుక్కి అయిపోవాలి. సరిగ్గా ఆ రోజే ట్రాక్టరు ఫ్యాన్ బెల్టు తెగితే?

మా ఇంట్లో జరిగింది ఇదే. పాత బండి. రెండెకరాలు దున్నేసరికి బెల్టు తెగింది. పామూరు పోయి కొత్తది తెచ్చి, మేస్త్రి కోసం కాచుకుంటే, ఆయన వచ్చేసరికి రెండో రోజు పొద్దు గూకింది. తీరా ఆయన చేసిన పని అరగంట. మా బండి కోసం చూస్తున్న ఇద్దరు చిన్న రైతుల చేలు ఆరిపోయాయి. బెల్టు ఖరీదు కొన్ని వందలే. పదును తప్పిన చేనుకు ఖరీదు కట్టేదెవరు?

అందుకే చెబుతున్నాను. ట్రాక్టరున్న ప్రతి రైతూ బెల్టు మార్చడం నేర్చుకోవాలి. తొలకరికి ముందే ఇంటి దగ్గర మార్చుకోవాలి. మిషను మీద చెయ్యి పెడితే చెడిపోతుందని మనలో చాలామందికి భయం. మడక కర్రు సరిచేసుకున్నవాళ్ళం, బండి ఇరుసుకు కందెన పూసుకున్నవాళ్ళం. దీనికి భయమెందుకు?

చాలా పాత ట్రాక్టర్లలో నీళ్ళ పంపునూ, ఫ్యానునూ, మనం డైనమో అనే ఆల్టర్నేటరునూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అది తెగితే బ్యాటరీ ఛార్జి కాదు. అంతకన్నా ముఖ్యం, నీళ్ళు తిరగక ఇంజను కాగిపోతుంది. 'ఈ నాలుగు సాళ్ళు అయ్యాక చూద్దాంలే' అని నడిపితే హెడ్డు గ్యాస్కెట్టు పోతుంది. ఆ ఖర్చు వేలల్లో.

తెగేముందు బెల్టు తనే చెబుతుంది. స్టార్టు చేయగానే కీచుమంటుంది. ఛార్జింగు లైటు ఆరదు. లోపలివైపు పగుళ్ళు, అంచుల్లో పోగులు కనిపిస్తాయి. వీటిలో ఏది చూసినా మార్చండి. కీచుమంటోందని గ్రీజు పూయొద్దు, ఇంకా జారుతుంది. కొనేటప్పుడు పాతదాని వీపు మీది నంబరు చూపించండి.

ముందు ఇంజను ఆపి చల్లారనివ్వండి. తాళంచెవి జేబులో వేసుకోండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. డైనమోను పట్టి ఉంచే బోల్టునూ, పట్టీ మీది బోల్టునూ పానాతో వదులు చేసి, డైనమోను ఇంజను వైపు నెట్టండి. బెల్టు వదులవుతుంది. కప్పీల మీంచి తప్పించి, ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే దాటించి తీయండి. కొత్తది అదే దారిలో ఎక్కించండి. స్క్రూడ్రైవరుతో ఎగదన్నితే లోపలి దారాలు తెగుతాయి.

తరువాత చెక్కతో డైనమోను బయటికి ఒత్తిపట్టి బోల్టులు బిగించండి. చెక్కను కప్పీ వైపే ఆనించాలి. కప్పీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. బండి పుస్తకంలో కొలత ఉంటే అదే పాటించండి. వదులైతే జారుతుంది. మరీ బిగిస్తే డైనమో, పంపు బేరింగులు పోతాయి. కొత్త బెల్టు కొంత సాగుతుంది కాబట్టి ఒక పూట పని చేశాక మళ్ళీ చూసుకోండి. పాత జీపులు, కార్లలో చాలావాటికీ పద్ధతి ఇదే. జంట బెల్టులుంటే రెండూ ఒకేసారి మార్చాలి.

మేస్త్రీల పొట్ట కొడుతున్నావని కొందరు అనవచ్చు. ఇంజను విప్పే పనులు ఎప్పటికీ వాళ్ళవే. తొలకరి రోజున వాళ్ళకు తీరికెక్కడిది?

సొంత బండి లేని రైతులూ ఊరుకోవద్దు. బాడుగ మాట్లాడేటప్పుడే 'బెల్టు ఎట్లుంది? ఇంకోటి పెట్టుకున్నావా?' అని అడగండి. ఆరిపోయేది మీ చేనే.

తీసిన పాత బెల్టు ఇంకా తెగకుండా ఉంటే పారేయకండి. రెండు పానాలతో కలిపి సీటు కింద పెట్టండి. చేలో బండి ఆగిన రోజున ఇంటికి చేరుస్తుంది.